మరిగిస్తే పోయే మందు

టీ పెట్టడం కూడా ఒక ఎక్స్‌ట్రాక్షనే. ఆకులోని రంగు, రుచి, కెఫీన్ వేడినీళ్లలోకి దిగుతాయి, పిప్పి వడకట్టి పారేస్తాం. కానీ అన్ని మొక్కలకీ ఇదే పద్ధతి కుదరదు. పసుపులోని కర్‌క్యుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. అందుకే మొక్కలో మందు ఉందా అని అడిగితే సరిపోదు, దాన్ని ఎలా బయటికి తీశారో కూడా అడగాలి. ఈ ప్రశ్న విలువ తెలియాలంటే చైనాలో జరిగిన ఒక కథ చూద్దాం.

1960ల్లో చాలాచోట్ల మలేరియా క్రిమి క్లోరోక్విన్ మందుకు లొంగడం మానేసింది. కొత్త మందు కోసం చైనా ప్రభుత్వం 1967లో ఒక రహస్య ప్రాజెక్టు మొదలుపెట్టింది. 1969లో బీజింగ్ శాస్త్రవేత్త తూ యూయూ అందులో చేరారు. ఆమె బృందం పాత వైద్య గ్రంథాలు తిరగేసి, సుమారు 200 మొక్కల నుంచి 380కి పైగా సారాలు తీసి ఎలుకల మీద పరీక్షించింది. వాటిలో చింగ్‌హావో అనే మొక్క మొదట బాగా పనిచేసింది, మళ్లీ చేస్తే అంత ఫలితం రాలేదు. మన కోడ్ ఒకసారి రన్ అయ్యి ఇంకోసారి క్రాష్ అయినట్టే!

ఆమె మళ్లీ పుస్తకాలు తెరిచారు. నాలుగో శతాబ్దానికి చెందిన గె హోంగ్ ఈ ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమని రాశాడు. మరిగించమని చెప్పలేదు. అంటే వేడికి మందు పాడైపోతోందా? అందుకే సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు.

తర్వాత వేరుచేయడం. ఈథర్‌లోకి హాని చేసే ఆమ్ల పదార్థాలు కూడా దిగాయి. క్షార ద్రావణంతో కడిగితే ఆమ్లాలు లవణాలుగా మారి నీళ్లలోకి పోతాయి, తటస్థ భాగం ఈథర్‌లో మిగులుతుంది. 1971 అక్టోబరులో ఆ తటస్థ భాగం, అంటే నమూనా నంబరు 191, ఎలుకల్లో నూటికి నూరు శాతం పనిచేసింది. 1972లో రోగులకు ఇచ్చేముందు తూ యూయూ, ఇద్దరు సహచరులు దాన్ని తామే తీసుకుని చూశారు. అదే ఏడాది శుద్ధమైన స్ఫటికాలు దొరికాయి. అదే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది.

మన వినాయక చవితి పత్రిలోని మాచీపత్రం కూడా ఆర్టెమీసియా ప్రజాతిలోదే, చింగ్‌హావోకి చుట్టం. అలా అని ఆ ఆకు మరిగించి తాగితే మలేరియా తగ్గుతుందనుకోవద్దు. అది వేరే మొక్క. అసలు మొక్కే దొరికినా, టీలోకి మందు ఎంత దిగిందో ఎవరికీ తెలీదు. చాలీచాలని డోసుకి క్రిమి చావదు, పైగా మందుని తట్టుకోవడం నేర్చుకుంటుంది. ఇవాళ డాక్టర్లు ఆర్టెమిసినిన్ నుంచి తయారైన మందుని ఇంకో మందుతో కలిపి ఇచ్చేది కూడా ఈ భయంతోనే.

కాబట్టి ఎవరైనా ఫలానా ఆకు ఫలానా రోగానికి మందు అంటే వెంటనే నమ్మకండి, వెంటనే నవ్వకండి కూడా. మూడు ప్రశ్నలు అడగండి: అందులో ఏ పదార్థం? ఎలా తీశారు? ఎంత డోసు? జ్వరం వస్తే మాత్రం ముందు రక్తపరీక్ష చేయించుకోండి.