తోలు సీట్ల పునరుద్ధరణ: ద్వీపవాసులకు కొన్ని సూచనలు

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వెళ్ళి అండమాన్ దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఋణంతో కారు కొని పర్యాటకులను తిప్పే వారికి ఆ వాహనమే జీవనాధారం. ఇంజను ఎంత బాగున్నా, తలుపు తెరవగానే బూజు వాసన వస్తే ప్రయాణికుడు మరొక బండిని వెతుక్కుంటాడు. పాత కారు కొనవచ్చిన వారు ముందుగా చేయి వేసి చూసేదీ సీటునే. పైగా సాధారణ అరుగుదలకు మోటారు బీమా పరిహారం లభించదు. కొత్త సీటు తొడుగులు ఓడ మీదనో, విమానం మీదనో రావలసి ఉంటుంది. కనుక ఉన్న తోలును ఇంటివద్దనే బాగుచేసుకోవడం లాభదాయకం.

వ్యాధికి మూలం

ఈ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఇక్కడ వర్షిస్తాయి. మెట్ట ప్రాంతాలలో తోలు ఎండి పగులుతుంది. ఇక్కడ తేమకు బూజు పడుతుంది. చెమట, సముద్రపు ఉప్పు తోడై పైపూతను చెరుపుతాయి. అందువలన కొబ్బరినూనె పూసే అలవాటు మానుకోవాలి. నూనె మురికిని పట్టి ఉంచి, బూజుకు ఆహారమవుతుంది.

కారు సీటు తోలుపై సాధారణంగా రంగుతో కూడిన పలుచని పూత ఉంటుంది. మనం ఇంటివద్ద బాగుచేయగలిగేది ముఖ్యంగా ఈ పూతనే. తెనాలి సమీపంలోని యలవర్రులో 1922లో జన్మించిన డా. యలవర్తి నాయుడమ్మ గారు సంచాలకులుగా పనిచేసిన కేంద్ర తోలు పరిశోధనా సంస్థ 1948లో చెన్నైలో ఏర్పడింది. తోలు పని అనుభవంతో పాటు శాస్త్రం కూడా అవసరమైన వృత్తి అని ఇట్టి సంస్థల కృషి తెలుపుతుంది.

పని క్రమం

1. గుర్తింపు: సీటు అడుగున కత్తిరించిన అంచును చూడండి. పోగులు కనిపిస్తే తోలు. వెనుక గుడ్డ కనిపిస్తే రెక్సిన్. అనేక కార్లలో కూర్చునే భాగం తోలు, ప్రక్కలు రెక్సిన్ అయి ఉంటాయి. ఈ క్రింది పూరణ, రంగు పద్ధతి తోలుకు మాత్రమే.

2. బూజు తొలగింపు: బండిని ఆరుబయట నిలిపి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, మెత్తని బ్రష్షుతో బూజును వెలుపలికి దులపాలి. పిదప సర్జికల్ స్పిరిటు, నీరు సమపాళ్ళలో కలిపి, గుడ్డను తడిపి గట్టిగా పిండి తుడవాలి. స్పిరిటు పూతను కరిగించవచ్చు గనుక ముందుగా కనబడని చోట పరీక్షించాలి.

3. శుభ్రపరచుట: నీటిలో కొద్దిగా శిశువుల షాంపూ కలిపి, నురుగుతో మాత్రమే రుద్దాలి. చాకలి సోడా, బ్లీచింగు పొడి, కిరోసిన్, పెట్రోలు వాడరాదు. శుభ్రమైన తడిగుడ్డతో తుడిచి, నీడలో తలుపులు తెరచి ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. ఎండలో పెడితే తోలు బిరుసెక్కుతుంది.

4. పగుళ్ళ పూరణ: 600 నంబరు ఎమరీ కాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము తుడిచి, వంగే గుణం గల తోలు ఫిల్లరును పలుచని పొరలుగా అద్దాలి. ఒక పొర ఆరిన తర్వాతనే మరొకటి వేయాలి.

5. రంగు: తోలుకై తయారైన, నీటితో కలిసే రంగును స్పాంజితో మూడు నాలుగు పలుచని పూతలుగా వేసి, చివర రక్షణ పూత వేయాలి. బూటు పాలిష్ ప్రయాణికుల దుస్తులకు అంటుకుంటుంది. ఎనామిల్ రంగు పెచ్చులుగా ఊడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆరబెట్టుట. తడి మిగిలి ఉండగా రంగు వేస్తే బూజును లోపల దాచినట్లే. కొద్ది వారాలలోనే అది తిరిగి పైకి వస్తుంది. కావున ఈ పనికి జనవరి నుండి ఏప్రిల్ వరకు గల పొడి మాసాలు అనుకూలం.

ఎప్పుడు మానుకోవాలి?

తోలు లాగితే కాగితంవలె చిరుగుతుంటే అది కుళ్ళినట్లే. రంగు నిలువదు, తొడుగు మార్చవలసిందే. సీటు ప్రక్కన ఎయిర్‌బ్యాగు గుర్తు ఉంటే ఆ కుట్లను స్వయంగా విప్పడం, కుట్టడం, అతికించడం ప్రమాదకరం. ఎయిర్‌బ్యాగు ఆ కుట్లను చీల్చుకొనే తెరుచుకుంటుంది. అట్టి పని శిక్షణ పొందిన మెకానిక్కుకే అప్పగించాలి.

డీలర్లు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. అమ్మకానికి ముందు బూజుపై రంగు పూయడం నేడు ధరను పెంచినా, తొలి వానకాలంలోనే నమ్మకాన్ని పోగొడుతుంది. చేసిన మరమ్మతు ఏమిటో కొనుగోలుదారునికి తెలపడమే మేలు.

ఇకపై తడి తువ్వాళ్ళు, గొడుగులు సీటుపై ఉంచనీయక, పొడిగా ఉన్న రోజులలో తలుపులు కొంతసేపు తెరచి, నెలకొకసారి మెత్తని గుడ్డతో తుడిచినచో సీటు చాలాకాలం మన్నుతుంది. ఋణం తీరేనాటికి బండి విలువ నిలిచి ఉండటమే యజమానికి మిగిలే అసలు ఆదాయం.