ఎడమ కాలి పాఠం

ఒంటిమిట్ట



మొన్న ఫోనులో "ఇంక నేను ఫుట్‌బాల్ ఆడలేను తాతా, పిల్లోళ్లకు నేర్పించుకుంటా" అన్నావు. నీ మోకాలి దెబ్బ కన్నా ఆ "నేర్పించుకుంటా" అన్న మాటలోని దిగులే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నేర్పడం చిన్న పనేం కాదు నాయనా. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక సారు ఉండేవారు. 1909లో పుట్టారు. బళ్లో పాఠాలు చెబుతూ ఫుట్‌బాల్ ఆడేవారు. మన కోదండరాముడి గుడి కోసం టెంకాయ చిప్ప పట్టి విరాళాలు అడిగిన వావిలికొలను సుబ్బారావుగారి తర్వాత నేను ఎక్కువగా తలుచుకునే మాస్టారు ఈయనే. ఆటగాడిగా ఆయన్ను ఈనాడు తలిచేవాళ్లు తక్కువ. నేర్పడం మొదలుపెట్టాకే దేశానికి దొరికారు. ఆయన చేతికింద హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం వచ్చింది.

మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10–1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే సారు జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చింది. అంతకుమించి మనం ఇప్పటికీ పోలేదు.

ఆయన కుర్రాళ్లకు వింత పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ పోకూడదు, ఇంకోదాంట్లో బలం లేని కాలితోనే తన్నాలి. నేనూ మా బడి మైదానంలో చేసి చూశా. కుడికాలికి పాత తువ్వాలు పేలిక కట్టించి, ఆ కాలికి బంతి తగిలితే తప్పన్నా. ఒక పిల్లోడు వారం రోజులు దుమ్మునే తన్నాడు, ఏడ్చాడు కూడా. దసరా నాటికి వాడు బంతి రాకముందే తలెత్తి ఎవరికి ఇయ్యాలా అని వెతుకుతున్నాడు. కాలు మారితే చూపు మారుతుందని నాకు అప్పుడే తెలిసింది.

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సారు ముందు వరసలో ఆడించారు. అతనే ఒక గోలు కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2–1తో గెలిచాం. మరుసటి జూన్‌లో సారు క్యాన్సర్‌తో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారం మళ్లీ మనకు రాలేదు.

సెలవులకు నేరుగా ఇక్కడికే రా నాయనా. పొద్దున ఆరింటికి పదముగ్గురు పిల్లోళ్లు వస్తున్నారు. పేలికలు చించి పెట్టినా.

మీ తాత