రేవులో విశ్రాంతి తీసుకునే ఓడ

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో శాతవాహనుల నాణేలు ఉన్నాయి. ఆ రాజులు వేయించిన నాణేలలో ఒక రకం మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉంటుంది. అంటే మనవాళ్లు సుమారు 1,800 ఏళ్ల క్రితమే పెద్ద ఓడలు నడిపారన్నమాట. మరి ఆ ఓడలు ఏడాది పొడవునా సముద్రం మీదే తిరిగేవా?

తిరిగేవి కావు. తెరచాప ఓడకు గాలే ఇంజను. ఆ గాలి రుతువును బట్టి దిక్కు మారుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి నుంచి, శీతకాలంలో ఈశాన్యం నుంచి వీస్తుంది. గాలి దిక్కు మారే అక్టోబరు, నవంబరు నెలల్లోనే బంగాళాఖాతంలో భయంకరమైన తుఫానులు పుడతాయి. అందుకే పూర్వం మద్రాసు రేవులో అక్టోబరు 15న జెండా దించేవారు. మళ్లీ డిసెంబరు 15న గాని ఎగరవేసేవారు కారు. ఆ రెండు నెలలూ ఓడలు ఆ తీరానికి రావద్దని దాని అర్థం.

ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద అమ్మే పాత అట్లాసు ఒకటి తెచ్చి, తూర్పు తీరం చూడండి. కాకినాడకు కాస్త దక్షిణంగా, గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసేచోట కోరంగి ఉంది. ఇప్పుడది చిన్న ఊరు. ఒకప్పుడు ఓడలు కట్టడానికీ, బాగుచేయడానికీ పేరుమోసిన రేవు. ఇక్కడినుంచి ఎంతోమంది బర్మా వెళ్లారు. అందుకే అక్కడ తెలుగువాళ్లందరికీ 'కోరంగీలు' అనే పేరు వచ్చింది.

ఓడ రేవులో ఉందంటే కళాసీలకు సెలవు అనుకోకండి. తెరచాపలను ఎండబెట్టాలి. తడి నూలుగుడ్డను మడిచి పెడితే బూజు పట్టి చివికిపోతుంది. అడుగున ఊరిన నీటిని రోజూ తోడాలి. కొబ్బరి పీచు తాళ్లను పరీక్షించాలి. వంట కూడా ఓడ మీదే, ఇసుక పోసిన పెట్టెలో పొయ్యి పెట్టి. చెక్క ఓడలో నిప్పంటే మాటలా!

అన్నిటికన్నా పెద్ద పని ఓడ అడుగును బాగుచేయడం. ఉప్పునీటిలో 'ఓడపురుగు' అనే జీవి ఉంది. పేరుకు పురుగే గాని, నిజానికి అది ఆల్చిప్పల బంధువు. తల దగ్గరున్న రెండు చిన్న పెంకులతో కొయ్యను తొలుచుకుంటూ పోతుంది. పైకి సూదిమొనంత రంధ్రం, లోపల పలక అంతా జల్లెడ! ఓడను నీటినుంచి తీసి ఆరబెడితే ఇది చస్తుంది.

కాని అంత బరువును ఒడ్డెక్కించేదెలా? క్రేను లేదు. ఆ పనికి చంద్రుణ్ణి వాడుకున్నారు! అమావాస్యకూ, పున్నమికీ పోటు ఎక్కువగా వస్తుంది. కోరంగి ప్రాంతంలో నీరు మీటరుకు పైగా లేస్తుంది. ఒండ్రు నేలలో తవ్విన గోదిలోకి ఓడను ఆ పోటులో తేలుస్తూ తెచ్చి, పాటు సమయంలో నీరు తీసిపోయాక మట్టికట్టతో మూతి మూసేవారు. అడుగు బయటపడ్డాక పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో నూలు కూరి, గుగ్గిలం, నూనె కలిపి మెత్తేవారు.

ఇక్కడొక లెక్క. 200 టన్నుల ఓడ మంచినీటిలో 200 ఘనపు మీటర్ల నీటిని తొలగించాలి. ఉప్పునీరు బరువెక్కువ కాబట్టి సముద్రంలో సుమారు 195 చాలు. కాబట్టి సముద్రంనుంచి నదిలోకి వచ్చిన ఓడ కొంచెం ఎక్కువ మునుగుతుంది. ఇసుకమేటల మీదుగా దారి వెతుక్కునేవాడికి ఆ కొంచెమే ప్రాణాంతకం.

రేవు చేరితే గండం గడిచినట్లేనా? ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. బకెట్‌లో సగం దాకా నీళ్లు పోసి గిన్నెను తేలనివ్వండి. గిన్నె అంచుకు దారం కట్టి, రెండో కొసను అడుగున పెట్టిన బరువైన రాతికి బిగుతుగా కట్టండి. ఇప్పుడు నీళ్లు పోస్తూ పోండి. గిన్నె పైకి లేవలేక, ఒకవైపు ఒరిగి మునుగుతుంది. లంగరు తాడును అందుకే వదులుగా విడుస్తారు.

కాని ఎంత వదులు చాలు? తుఫాను కేంద్రంలో వాయుపీడనం తగ్గుతుంది. ఒక మిల్లీబారుకు ఒక సెంటీమీటరు చొప్పున, 50 మిల్లీబార్లు తగ్గితే నీరు అర మీటరు ఉబ్బుతుంది. అది స్వల్పమే. అసలు ప్రమాదం గాలి వల్ల. లోతు తక్కువైన తీరానికి అది నీటిని తోసుకొచ్చి గుట్టగా పోస్తుంది. 1789 డిసెంబరులో కోరంగి మీదికి మూడు పెనుకెరటాలు వచ్చాయి. రేవులోని ఓడలు మైదానాల్లోకి కొట్టుకుపోయాయి. వేలమంది చనిపోయారు. 1839 నవంబరులో మరో తుఫాను ఆ రేవును ధ్వంసం చేసింది. 1789 నాటి ఉపద్రవాన్ని వర్ణించిన కలకత్తా నివాసి హెన్రీ పిడింగ్టన్ ఇలాంటి సుడిగాలులకు 'సైక్లోన్' అని పేరుపెట్టి, 1848లో అచ్చయిన తన పుస్తకంలో వాడాడు. చుట్ట చుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట అది.

చివరకు కోరంగి రేవును మూసింది మాత్రం తుఫానులొక్కటే కాదు. గోదులు తవ్వడానికి వీలిచ్చిన ఆ గోదావరి ఒండ్రే ఏటి మూతిని పూడ్చేసింది. వ్యాపారం కాకినాడకు తరలింది. పూడిన బురదలో మడ చెట్లు పెరిగాయి. 1978లో ఆ అడవిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. తుఫాను కెరటాల జోరును ఇప్పుడు కొంతవరకు ఆపుతున్నవి ఆ చెట్ల వేళ్లే.