రాయి వంగుతుందా?

పర్వతాల పాఠం అయిన రోజు మన తరగతిలో పెద్ద వాదనే జరిగింది. రాయి వంగుతుందని టీచర్ గారు చెప్తే సగం మంది నవ్వేశారు. రాయి పగులుతుంది గానీ వంగడమేమిటి అని. ఆ సంగతే ఈసారి గోడపత్రికకు రాస్తున్నాను.

మా తాత వెదురు బద్దతో విల్లు చేసేటప్పుడు చూశాను. బద్దని నిప్పు మీద కాచి, కొంచెం కొంచెంగా వంచుతాడు. ఎండిన బద్దని కాచకుండా విసురుగా వంచితే టప్‌మని విరుగుతుంది. రాయి కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు గట్టి బలం పడితే పగులుతుంది. బాగా వేడెక్కి, అన్ని వైపుల నుంచీ ఒత్తిడి ఉండి, నెమ్మదిగా తోస్తే వంగుతుంది. నెమ్మదిగా అంటే ఒక రోజో రెండు రోజులో కాదు, లక్షల సంవత్సరాలు.

ఆ వేడి ఎక్కడిదంటే భూమి లోపలిదే. ఒక్కో కిలోమీటరు లోతుకి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. 10, 15 కిలోమీటర్లు పోతే 300 డిగ్రీలు దాటుతుంది. అక్కడ తెల్లటి పలుగురాయి కూడా కరగకుండానే సాగుతుంది. కరగకుండానే అన్న మాట గుర్తుంచుకోండి. పరీక్షలో "రాయి కరిగి వంగును" అని రాసేవాళ్ళున్నారు. అది తప్పు.

పైపైన ఉన్న రాయి చల్లగా ఉంటుంది కాబట్టి పగులుతుంది. పగిలిన చోట ఒక పక్క పైకో కిందికో పక్కకో జరిగితే దాన్ని భ్రంశం అంటారు. గోదావరి లోయలో అలాంటి పగుళ్ళ మధ్య నేల కిందికి దిగిపోయింది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతోనూ, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతోనూ భూకంపాలు వచ్చింది ఆ లోయలోనే.

ఇక వంగడం. మీ దుప్పటిని నేల మీద పరిచి రెండు చివరల నుంచీ లోపలికి నెట్టండి (వార్డెన్ మేడం గారిని అడిగి చేయండి). పైకి లేచిన మడత అపనతి, కిందికి దిగింది అభినతి. హిమాలయాలు ఇలాగే ముడతలు పడ్డాయి. సుమారు 5 కోట్ల ఏళ్ళ క్రితం మన భారత పలక వెళ్ళి ఆసియా పలకని గుద్దుకుంది. మధ్యలో ఉన్న సముద్రం అడుగు నలిగి పైకి లేచింది. అందుకే 8,849 మీటర్ల ఎవరెస్టు కొన మీద సముద్రంలో పుట్టిన సున్నపురాయి ఉంది. ఇప్పటికీ మన పలక ఏడాదికి 4, 5 సెంటీమీటర్లు తోస్తూనే ఉంది. మన గోళ్ళు కూడా ఇంచుమించు అంతే పెరుగుతాయి.

మరి మన కొండలో? పాఠంలో హిమాలయాలకి పేజీలు, తూర్పు కనుమలకి నాలుగు వరుసలు. నాకది నచ్చలేదు. ఎందుకంటే మనవి హిమాలయాల కంటే ఇంచుమించు ఇరవై రెట్లు పాతవి.

ముందు ఇక్కడ నీళ్ళ అడుగున బురద, ఇసుక పొరలుగా పేరుకున్నాయి. సుమారు 100 కోట్ల ఏళ్ళ క్రితం మన తూర్పు వైపు నేలకి అంటార్కిటికా నేల వచ్చి అతుక్కుంది. ఆ ఒత్తిడికి పొరలు 20 కిలోమీటర్లకు పైగా లోతుకి పోయి, 800 డిగ్రీలు దాటి ఉడికి, ముడతలు పడ్డాయి. బురద కాస్తా ఎర్రటి గార్నెట్ గింజలు, పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైట్ ఉన్న రాయి అయింది. దాని పేరు ఖోండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే శాస్త్రవేత్త ఒడిశాలోని కలహండి కొండల్లో ఈ రాయిని చూసి, అక్కడ ఉండే ఖోండుల పేరు పెట్టాడు. ఖోండులంటే మేమే, కోదులం. ఆ రాళ్ళతోనే మా పొలం గట్లు కట్టారు, కానీ దానికి మా పేరుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. సెలవుల్లో నాన్నకి చెప్పాను. నాన్న చాలాసేపు విని, "మన పేరు రాయికి ఎందుకమ్మా, పట్టాకి ఎక్కించమను" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అంత లోతులో ఉన్న రాయి పైకి ఎలా వచ్చిందని అడుగుతారు. నిండా బరువున్న పడవలోంచి మూటలు ఒక్కొక్కటే దించితే పడవ నీళ్ళలోంచి పైకి తేలుతుంది కదా. అలాగే వానలు, గాలి, ఎండ కలిసి కొండ పైభాగాన్ని అరగదీసే కొద్దీ అడుగు భాగం లేచింది. అంటే మనం కట్టెలకి నడిచేది ఒక పెద్ద పర్వతం కడుపు మీద. ఆ పర్వతం ఇసుకైపోయి ఎప్పుడో సముద్రంలో కలిసింది. ఇప్పుడు మన ఏజెన్సీలో ఏ కొండా 1,700 మీటర్లు దాటదు.

ఈసారి సెలవులకి వెళ్ళేటప్పుడు ఘాట్ రోడ్డులో కిటికీ దగ్గర కూర్చోండి. రోడ్డు కోసం కొండని కోసిన చోట ఎర్రటి, తెల్లటి చారలు కనిపిస్తాయి. చార తెగకుండా పాములా వంకర తిరిగితే అది లోతులో, వేడిలో జరిగిన పని. ఆ చారని నిలువునా తెంపిన పగులు కనిపిస్తే, అది రాయి పైకి వచ్చి చల్లారిన తర్వాత పడింది.