చౌక బ్యాటు, పిల్లల సిగ్గు: వేసవి శిబిరానికి పంపేముందు ఒక పాఠం

వేసవి సెలవులు వస్తే దువ్వూరు, మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతాలలో పిల్లలకు ఆటల శిబిరాలు మొదలవుతాయి. కొన్ని బడి మైదానంలో, కొన్ని క్రీడా శాఖ తరఫున, కొన్ని సంఘాల సెలవుల బైబిలు పాఠశాలలతో కలిసి జరుగుతాయి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచకప్ గెలిచిన భారత మహిళల క్రికెట్ జట్టులో మన జిల్లా వీరపునాయునిపల్లె మండలం నుండి వెళ్ళిన శ్రీచరణి ఉంది. ఆ పోటీలలో ఆమె 14 వికెట్లు తీసింది. అది చూసి మన పల్లెల ఆడపిల్లలకు కూడా బంతి పట్టాలనే ఆశ కలగడం సహజమే. 5 నుండి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాబట్టి పిల్లలను శిబిరానికి పంపడం మంచిదే.

అయితే ఒక విషయం మనము గమనించాలి. శిబిరంలో కాన్వెంటు పిల్లలు, పల్లె పిల్లలు ఒకే వరుసలో నిలబడతారు. ఒకరి చేతిలో వేల రూపాయల బ్యాటు, కాళ్ళకు కంపెనీ బూట్లు ఉంటాయి. పక్కవాని చేతిలో అంగట్లో కొన్న ప్లాస్టిక్ బ్యాటు, కాళ్ళకు హవాయి చెప్పులు ఉంటాయి. ఎవరో ఒకరు నవ్వుతారు. సాయంత్రానికి ఆ బిడ్డకు "ప్లాస్టిక్ బ్యాటోడు" అని పేరు పడిపోతుంది. పెద్దలకు ఇది చిన్న మాట. తొమ్మిది, పదేళ్ళ బిడ్డకు చిన్న మాట కాదు. ఆ వయసులోనే పిల్లలు తమను తోటివారితో పోల్చుకోవడం బాగా ఎక్కువవుతుంది. నవ్వింది బ్యాటును చూసి కాదు, తనను, తన తల్లిదండ్రులను చూసి అని బిడ్డ అనుకుంటాడు.

సిగ్గు ఎలా బయటపడుతుంది?

ఇటువంటి బాధను పిల్లలు సాధారణంగా ఇంట్లో చెప్పరు. "మా నాయన దగ్గర డబ్బులు లేవు, చెబితే బాధపడతాడు" అని దాచుకుంటారు. బదులుగా ఈ గుర్తులు కనబడతాయి:

- పొద్దున బయలుదేరే వేళకు "కడుపు నొస్తాంది మా, ఈపొద్దు పోను" అనడం. సెలవు రోజున నొప్పి లేకపోవడం.
- బ్యాటు పోయిందనడం, బూట్లు దాచేయడం, శిబిరానికని వెళ్ళి ఇంకెక్కడో కూర్చోవడం.
- ఊరికే తమ్ముని మీద, చెల్లెలి మీద చిరాకుపడడం. సరిగా నిద్రపోకపోవడం.

కడుపు నొప్పి అబద్ధం అని కొట్టవద్దు. మనసు కలత పడితే పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. అలాగని ప్రతి నొప్పీ మనసుదే అనుకోకూడదు. జ్వరం, వాంతులు, నిద్రలో లేపే నొప్పి, కుడివైపు పొత్తికడుపు నొప్పి ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి.

సిగ్గు వలన ఒంటికి వచ్చే ప్రమాదాలు

నర్సులుగా మేము ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. సిగ్గుపడిన బిడ్డ తన వస్తువును దాచుకుంటాడు. దాచుకోవడంలో దెబ్బ తగులుతుంది.

నీళ్ళు: తోటివారు ఖరీదైన సీసాలు తెస్తారు. ఈ బిడ్డ పాత కూల్‌డ్రింకు సీసాలో తెస్తాడు. దాన్ని బయటికి తీయడానికి సిగ్గుపడి దాహంతోనే ఆడతాడు. మే నెలలో మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తల తిరగడం, వికారం, కాళ్ళ పిక్కలు పట్టేయడం మొదలైతే ఆట ఆపించి, నీడకు చేర్చి, ఒంటిని తడిగుడ్డతో తుడిచి, ఓ.ఆర్.ఎస్. నీళ్ళు లేదా ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వాలి. తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. నోట్లో ఏమీ పోయకుండా, ఒళ్ళు చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకురావాలి.

కాళ్ళు: చినిగిన బూట్లను చూసి నవ్వుతారని కొందరు వట్టి కాళ్ళతో ఆడతారు, లేదా అన్న బూట్లు వేసుకుని చీలమండ మడతపడి పడతారు. తుమ్మ ముల్లు, గాజుపెంకు గుచ్చుకుంటే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగి, ఆసుపత్రిలో చూపించాలి. 10 ఏళ్ళకు, 16 ఏళ్ళకు వేయవలసిన టి.డి. టీకా వేయించారో లేదో చూసుకోండి.

తల: టెన్నిస్ బంతి బరువు 60 గ్రాముల లోపే. పెద్దల లెదరు బంతి 156 నుండి 163 గ్రాములు, పైగా గట్టిది. అడిగి తీసుకోవడానికి మొగమాటపడి హెల్మెటు, ప్యాడ్లు, గార్డు లేకుండా ఆ బంతిని ఎదుర్కోవడం ప్రమాదం.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. పేరున్న కంపెనీ వస్తువు వేరు, భద్రమైన వస్తువు వేరు. కొలతకు సరిపడి, మడమ జారని బూట్లు ఏ అంగట్లోవైనా చాలు. టెన్నిస్ బంతికి నాటు కట్టె బ్యాటు చాలు. కానీ లెదరు బంతి ఆడేటప్పుడు హెల్మెటు లేకపోతే ఆడకూడదు. ఆ మాట బిడ్డకు నిజంగా చెప్పండి.

తల్లిదండ్రులు ఏమి చేయాలి?

1. ముందు వినండి. "ఇదన్నా ఉందని సంతోషపడు" అనవద్దు. ఆ మాటతో బిడ్డ నోరు మూసుకుంటాడు. "నవ్వినారా నాయనా? బాధగా ఉంటుంది" అనండి.

2. ఉన్నది ఉన్నట్లు చెప్పండి. పసుపు, వరి మీద బతికే ఇంట్లో ఈ ఏడు ఎంత వచ్చిందో పిల్లలకు కొంతైనా తెలుసు. "ఇప్పుడు మనము ఇంతే కొనగలం. ఇందులో నీ తప్పు లేదు, మా తప్పూ లేదు" అని చెప్పవచ్చు. అప్పు చేసి కంపెనీ బూట్లు కొనవద్దు. రేపు ఇంకొకరి బూట్లు అంతకంటే ఖరీదైనవి ఉంటాయి.

3. ఒక జవాబు నేర్పండి. "ఇది మా నాయన కొనిచ్చిన బ్యాటు. నువ్వూ ఒక ఓవరు ఆడు, రా." ఇంట్లో రెండుమూడు సార్లు అనిపిస్తే అక్కడ తడబడడు.

4. మైదానంలో అందరి ముందు గొడవ చేయవద్దు. శిబిరం సారుతో విడిగా మాట్లాడండి.

నవ్విన పిల్లల తల్లిదండ్రులకు కూడా ఈ పాఠం అవసరమే. కొత్త బ్యాటు కొనిచ్చిన రోజే, దాన్ని పక్కవానికి ఇచ్చి ఆడడం కూడా నేర్పండి.

శిబిరం నడిపేవారు ఏమి చేయాలి?

ఎక్కువ భాగం మందు వీరి చేతిలోనే ఉంది. "ఎవరి సామాను వారు తెచ్చుకోవాలి" అనే నియమమే సిగ్గుకు మూలం.

- మొదటి రోజే బ్యాట్లు, బంతులు, ప్యాడ్లు అన్నీ ఉమ్మడి కిట్‌బ్యాగులో వేయించండి. ఏది వస్తే దానితో అందరూ ఆడాలి. చౌక బ్యాటుతో ముందు సారే నాలుగు బంతులు ఆడితే నవ్వు సగం ఆగిపోతుంది.
- ఏ బంతితో ఆడిస్తారో ముందే చెప్పండి. టెన్నిస్ బంతి బ్యాటు లెదరు బంతికి పగిలిపోతుంది. పదిమందిలో బ్యాటు పగలడం ఆ బిడ్డకు పెద్ద అవమానం.
- మొదటి రెండు రోజులు కబడ్డీ, ఖోఖో ఆడించండి. వాటికి కొనవలసినది ఏదీ లేదు.
- గంటకు రెండుసార్లు నీళ్ళ విరామం ఇవ్వండి. కుండ, గ్లాసులు మీరే పెట్టండి. అప్పుడు ఎవరి సీసా ఎటువంటిదో ఎవరూ చూడరు.
- బూట్లు లేని బిడ్డకు ఇవ్వదలిస్తే అందరి ముందు పిలిచి, ఫోటో తీసి ఇవ్వవద్దు. ఆ సహాయమే రెండవ అవమానమవుతుంది.
- పేర్లు పెట్టి పిలవడం మొదటిసారే ఆపించండి.

ఎప్పుడు ఆసుపత్రికి రావాలి?

రెండు వారాలు దాటినా బిడ్డ ఆటకు, స్నేహితులకు దూరంగా ఉండి, తిండి, నిద్ర తగ్గితే తీసుకురండి. "నేను చచ్చిపోతే మేలు" అనే మాట ఒక్కసారి విన్నా ఆలస్యం చేయవద్దు. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416కు, పిల్లల సహాయానికి 1098కి ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు.

ఇంట్లో మాట్లాడుకోవలసిన ప్రశ్నలు

1. మన బిడ్డ ఏ వస్తువునైనా తోటివారికి కనబడకుండా దాచుకుంటున్నాడా?
2. పక్కింటివారి వస్తువులను, మన వస్తువులను పిల్లల ముందు పోల్చి మాట్లాడుతున్నామా?
3. మన వీధి పిల్లలందరికీ కలిపి ఒక కిట్‌బ్యాగు కొనడానికి ఇంటికి ఎంత పడుతుంది?

మూడవ ప్రశ్నకు ఈ వారమే లెక్క వేసి చూడండి. పది ఇళ్ళు కలిస్తే అది భారం కాదు.