మద్యంపై మక్కువ: వంశమా? మనస్తత్వమా?

“వీళ్ళ నాన్నగారు తాగి తాగే పోయారు. వీడికీ అదే రాసిపెట్టి ఉందా డాక్టరు గారూ?” అని తల్లులు నన్ను తరచుగా అడుగుతుంటారు. ఇది తలరాత కాదు. అలాగని వంశప్రభావం లేదనీ చెప్పలేను.

1973లో గుడ్విన్ బృందం డెన్మార్కులో జరిపిన పరిశీలన ఇందుకు నిదర్శనం. తాగుబోతు తల్లికో తండ్రికో పుట్టి, పసితనంలోనే దత్తత వెళ్ళిన కుమారులలో మద్యవ్యసనం, ఇతర దత్తపుత్రులలో కంటె దాదాపు నాలుగింతలు కనిపించింది. అయినా వారిలో అయిదుగురికి నలుగురు వ్యసనపరులు కానేలేదు! కవలలపై జరిగిన పరిశోధనలను బట్టి ఈ వ్యసనంలో జన్యువుల పాలు సుమారు సగం.

“మావాడు ఎంత తాగినా తూలడు” అని కొందరు గొప్పగా చెప్పుకొంటారు. నిజానికి భయపడవలసింది అక్కడే. సులభంగా మత్తెక్కని శరీరతత్వం కొంతవరకు వంశానుగతం. అట్టివారు మోతాదు పెంచుకొంటూ పోయి వ్యసనంలో చిక్కుకొనే అవకాశం అధికమని అమెరికా వైద్యుడు షుకిట్ పరిశోధనలు తెలిపాయి.

ఇక స్వభావం. కొత్తదనం కోసం వెంపరలాడే దుడుకు మనిషి చిన్న వయసులోనే మొదలుపెడతాడు. దిగులుపడే మనిషి ఆందోళన అణచుకోవడానికి, సాధారణంగా కాస్త ఆలస్యంగా, సీసా అందుకొంటాడు.

దిగులు కలిగినపుడు మెదడు ఆజ్ఞతో అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును స్రవిస్తాయి. మద్యం తొలుత హాయినిచ్చినా, అధికంగా తాగితే ఆ కార్టిసాల్‌నే పెంచుతుంది. ఏళ్ళ తరబడి తాగితే ఈ వ్యవస్థ అదుపు తప్పుతుంది. అందుకే మానివేసిన తొలి వారాలలో చిన్న చికాకుకు కూడా నాలుక పీకుతుంది. ఆ సమయంలో ఇంటివారి దెప్పిపొడుపులు ఎంత చేటో వేరే చెప్పాలా?

చెడు అలవాటును అంచెలంచెలుగా విడవాలని చరకుడు సూత్రస్థానంలో చెప్పాడు. రోజూ అతిగా తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్, మతిభ్రమణం కలిగి ప్రాణాపాయం రావచ్చు. కనుక మాన్పించే పని వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. తెలియకుండా అన్నంలో కలిపే పొడులను నేను ఎంతమాత్రం అంగీకరించను. వాటిలో డైసల్ఫిరామ్ వంటి మందు ఉండి, ఆపై మద్యం తాగితే గుండెకే ముప్పు.

ప్రమాదం గడిచాక ఖర్జూరం, ద్రాక్ష, దానిమ్మ, ఉసిరిక, చింతపండు మొదలైనవాటితో చేసే ఖర్జూరాది మంథం దప్పికకు, నీరసానికి హితకరం. మధుమేహం ఉన్నవారికి పనికిరాదు. తాగాలనే కోరికను ఇది పోగొట్టదు. సాయంకాలం కడుపు ఖాళీగా ఉంచకపోవడం అందుకు కొంత మేలు.