సేద్యము ఇద్దరిది, పేరు ఒక్కరిదా?

(పంచాయతీ సభ్యులకు పాఠము)

కోటబొమ్మాళి ప్రాంతమున సేద్యమనగా ముఖ్యముగా వరి. వరి కోతల పిదప మినుము, పెసర. ఈ సేద్యమును రైతు చేయుచున్నాడని మనము వాడుకగా అందుము. ఆ మాటలో నిజము సగమే. దుక్కి దున్నుట, గట్లు వేయుట, నీరు కట్టుట, ధాన్యము అమ్ముట పురుషుని వంతు. నారు తీయుట, ఉభాలు, అనగా నాట్లు, కలుపుతీత, విత్తనము దాచుట స్త్రీ వంతు. పశువునకు కుడితి పెట్టి సాకునది ఆమె. దానిని నారాయణవలస సంతకు తోలుకొనిపోయి బేరమాడునది అతడు. దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము వచ్చినవి గాని, ఉభాలకు, కలుపునకు నేటికిని అనేక గ్రామములలో స్త్రీ వంగిన నడుమే ఆధారము.

పని పంచుకొనుట తప్పు కాదు. ఒకరి పని లెక్కకు వచ్చి, రెండవవారి పని లెక్కకు రాకపోవుటయే కుటుంబమునకు కీడు. ఆ లెక్కను మూడు విధములుగా పరిశీలింతము.

1. దినములోని గంటలు

2024లో కేంద్ర ప్రభుత్వము జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారము, మన దేశమున కూలి లేని ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు వాటికి వెచ్చించుచున్నారు. ఆ పనులు చేయు పురుషులు వెచ్చించునది 88 నిమిషములు. ఉభాల కాలమున స్త్రీకి దీనిపై పొలము పని తోడగును. తెల్లవారకముందే వంట ముగించి, పగలంతయు బురదలో నిలిచి, ప్రొద్దు గ్రుంకిన పిదప మరల పొయ్యి వద్దకు చేరు తల్లికి చంటిబిడ్డను చూచుకొను తీరిక ఎక్కడిది?

2. కంచములోని భాగము

పెక్కు ఇండ్లలో అందరు తినగా మిగిలినదే ఇల్లాలి భోజనము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదు. రక్తము తక్కువైన తల్లికి కాన్పు ప్రమాదకరము. బిడ్డ తక్కువ బరువుతో పుట్టుటకును అది కారణము కావచ్చును. చోడి అంబలి, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు ఆమె కంచములోనికిని రావలెను. అందరును ఒకేమారు కూర్చుండి భుజించుటకు అదనపు ఖర్చేమియు లేదు.

3. కాగితముపై పేరు

మన జిల్లా నుండి అనేకులు విశాఖపట్నము, హైదరాబాదు, చెన్నై నగరములకు పనులకై వలసపోవుట అందరు ఎరిగినదే. పురుషుడు వలసపోయిన ఇంట సేద్యము నడుపు భారము స్త్రీపై పడును. కాని పట్టాదారు పాసు పుస్తకమున ఆమె పేరుండుట అరుదు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారము దేశమున కమతములు నడుపువారిగా నమోదైనవారిలో స్త్రీలు నూటికి సుమారు 14 మందియే.

పేరు లేనిచో నష్టమేమి? ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి వంటి సహాయము భూమి ఎవరి పేర నున్నదో వారి ఖాతాకు చేరును. భర్త మరణించి రికార్డులో పేరు మార్పు జరుగనిచో, ఆ వితంతువు తాను ఊడ్చిన పొలమునకే పరాయిదగును.

చట్టము ఆమెకు అండగా నున్నది. వీలునామా వ్రాయక మరణించిన భర్త ఆస్తిలో భార్యకు బిడ్డలతో సమానముగా భాగము గలదని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చెప్పుచున్నది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కును మన రాష్ట్రము 1985 సెప్టెంబరు 5 నుండియే అమలుపరచినది. నాటికి వివాహమైన కుమార్తెలకు అది వర్తింపలేదు. 2005లో కేంద్ర చట్టము దేశమంతటను ఆ హక్కును కల్పించుచు, వివాహితలను కూడ చేర్చినది.

సభ్యుల కర్తవ్యము

గ్రామమున భూమిగల వ్యక్తి మరణించినపుడు, వారసులందరి పేర్లును, వితంతువు పేరుతో సహా, రికార్డునకెక్కునట్లు ఆ కుటుంబమునకు సభ్యులు దారి చూపవలెను. త్రాగునీటి కుళాయి ఇంటికి దగ్గరైనచో స్త్రీకి దినమున కొంత కాలము మిగులును. పశ్చిమ బెంగాలు, రాజస్థాను గ్రామములలో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధనలో, స్త్రీలు నాయకత్వము వహించిన పంచాయతీలు త్రాగునీటిపై అధిక శ్రద్ధ చూపినట్లు తేలినది. మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవి. ఎన్నికైన స్త్రీ కుర్చీలో ఆమె భర్త కూర్చుండుట తగదు. ఒకే పనికి స్త్రీకి తక్కువ కూలి ఇచ్చుట 1976 చట్టముతోనే నిషిద్ధమైనది; 2019 వేతన స్మృతియు దానినే నిలిపినది.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరి పాసు పుస్తకములలో స్త్రీల పేర గలవెన్ని?
2. గత మూడేండ్లలో భర్తను కోల్పోయిన స్త్రీలలో ఎందరి పేర పొలము మారినది?
3. ఉభాల కాలమున చంటిబిడ్డలను ఎవరు చూచుచున్నారు?
4. గడచిన గ్రామసభలో ఎందరు స్త్రీలు కూర్చుండిరి? వారిలో ఎందరు నోరు విప్పి మాటలాడిరి?

ఈ ప్రశ్నలకు జవాబులను ఊహించి చెప్పక, ఇంటింట విచారించి వ్రాసికొని, రాబోవు గ్రామసభలో చదివి వినిపింపవలెనని సభ్యులను కోరుచున్నాము.